ఓడెక్కుతున్న ఉద్దానం

ఆసియా ఓడల రంగం మనుషుల కోసం చూస్తోంది. శ్రీకాకుళం జిల్లా తీరంలో డొంకూరు నుంచి దోనిపేట దాకా మనుషులు పని కోసం చూస్తున్నారు. ఈ ఇద్దరినీ కలపాల్సిన దారి ఇంకా దళారుల చేతుల్లోనే ఉంది.

2020 ఏప్రిల్. దేశమంతా లాక్‌డౌన్. చేపల వేటకు చెన్నై వలస వెళ్లిన శ్రీకాకుళం మత్స్యకారులు అక్కడే చిక్కుకుపోయారు. రైళ్లు లేవు, బస్సులు లేవు, నడిచి పోదామంటే జిల్లా జిల్లాకీ అడ్డుకట్ట. అప్పుడు వాళ్లలో కొందరు తలా కొంత వేసుకుని ఒక పడవ కొన్నారు. తీరం వెంబడే ఉత్తరానికి నడుపుకుంటూ వచ్చి ఇచ్ఛాపురం మండలం డొంకూరు ఒడ్డున దిగారు. దాదాపు వెయ్యి కిలోమీటర్ల సముద్ర ప్రయాణం అది.

ఆ రోజుల్లో అందరం వాళ్ల కష్టం గురించే మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవాల్సిందే. కానీ వాళ్ల పనితనం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. గాలి వాలు, నీటి పోటు, ఒడ్డు ఆనవాళ్లు, ఇంజను మొరాయిస్తే ఏం చెయ్యాలి, తాగే నీళ్లు ఎన్నాళ్లకు సరిపోతాయి: ఇవన్నీ ఎరగనివాళ్లు అంత దూరం క్షేమంగా రాలేరు. అంత పెద్ద విద్య చేతిలో ఉన్న మనిషికి దాన్ని రుజువు చేసే ఒక్క కాగితం లేదు. ఈ కథనం ఆ కాగితం గురించే.

ఎందుకంటే, సరిగ్గా ఇప్పుడు ఆ విద్యకు గిరాకీ ఉన్నది ఆసియాలోనే. ప్రపంచంలో ఒక దేశం నుంచి మరో దేశానికి పోయే సరుకులో పరిమాణం లెక్కన 80 శాతానికి పైగా ఓడల మీదే పోతుంది. కొత్తగా కట్టే ఓడల్లో 90 శాతానికి పైగా చైనా, దక్షిణ కొరియా, జపాన్ యార్డుల్లోనే తయారవుతున్నాయి. షాంఘై రేవు 2024లో 5 కోట్ల ప్రామాణిక కంటెయినర్ల మార్కు దాటింది. ప్రపంచంలో ఏ రేవూ అంతకుముందు ఆ అంకె చూడలేదు. అదే ఏడాది సింగపూర్ 4 కోట్ల 11 లక్షలు ఎత్తి దించింది. ఈ ఓడలను కట్టడానికి, నడపడానికి, బాగుచేయడానికి, చివరికి విరగ్గొట్టడానికి కూడా మనుషులు కావాలి. ఆ మనుషుల్లో శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరంలోని మన ఉద్దానం కుర్రాళ్లు ఇప్పటికే ఉన్నారు. ఏ తలుపు నుంచి లోపలికి వెళుతున్నారన్నదే నన్ను బాధపెడుతున్న విషయం.

తీరం ఉంది, రేవు లేదు

ఆంధ్ర తీరానికి ఉత్తరపు కొస డొంకూరు. దాటితే ఒడిశా. బాహుదా నది ఇచ్ఛాపురం పక్కగా పారి ఇక్కడికి దగ్గరలోనే సముద్రంలో కలుస్తుంది. సంతలో సగం మాట తెలుగు, సగం మాట ఒడియా. జిల్లా తీరం ఎంత పొడవని ఎవరిని అడిగినా ‘డొంకూరు నుంచి దోనిపేట దాకా 193 కిలోమీటర్లు’ అనే చెబుతారు.

రాష్ట్రంలో ఇంత పొడవైన తీరం ఉన్న జిల్లాలు తక్కువ. కానీ పెద్ద బోట్లు నిలుపుకొనే హార్బరు లేక ఈ జిల్లా మత్స్యకారులు చిన్న పడవలతోనే సరిపెట్టుకున్నారు. చాలా ఊళ్లలో నేటికీ వేట ముగిశాక పడవను పదిమంది పట్టి ఇసుక మీదికి లాగడమే. చిన్న పడవ దగ్గరి నీళ్లలోనే తిరుగుతుంది. దగ్గరి నీళ్లలో చేప తగ్గింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు ఇచ్చే భృతిని ప్రభుత్వం 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచింది. పెంచడం మంచిదే, కానీ ఇల్లు గడవడానికి చాలదు. బుడగట్లపాలెంలో హార్బరు, మంచినీళ్లపేటలో జెట్టీ అంటూ మంజూరైనవి పూర్తయితే కొంత మారుతుంది.

అందుకే వలస. గుజరాత్‌లోని వేరావల్, చెన్నై, మంగళూరు, పారాదీప్. పక్కవాళ్ల బోటు మీద కూలీ. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు సరిహద్దు దాటారని పాకిస్థాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర విడుదలయ్యారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. దాని ఆధారంగానే 2025లో ‘తండేల్’ సినిమా వచ్చింది. సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఒక ప్రశ్న కూడా వేసుకోవాలి. 193 కిలోమీటర్ల సొంత తీరం ఉన్న మనిషి దాదాపు రెండు వేల కిలోమీటర్లు దాటి అరేబియా సముద్రంలో కూలికి ఎందుకు వెళ్లాడు?

రంగూను ఆవిరి ఓడల కాలం

ఎప్పుడూ ఇలా లేదు. వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నం, ఆ పైన ఉన్న బారువ, ఒకప్పుడు లెక్కలోకొచ్చే రేవులు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద ఉన్న బౌద్ధ స్తూపాలు, విహారాలు ఈ నదీముఖం నుంచి జరిగిన రాకపోకలకు పాత సాక్ష్యాలు. బ్రిటిష్ కాలంలో కలకత్తా, గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ, రంగూను రేవులను కలుపుతూ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు నడిచేవి. రంగూనులో ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మోసింది మన జిల్లాలవాళ్లే. ఉత్తరాంధ్ర పాత ఇళ్లలో ఇప్పటికీ బర్మా టేకు తలుపులు కనిపిస్తాయి. వాటి వెనక ఓడ డెక్కు మీద పడుకుని వెళ్లి, కూలి డబ్బు మిగుల్చుకుని తిరిగొచ్చినవాళ్లున్నారు. బారువ దగ్గర సముద్రం అడుగున మునిగి ఉన్న పాత ఆవిరి ఓడను ఇప్పుడు స్కూబా డైవర్లు దిగి చూస్తున్నారు.

ఆ రేవులు ఎందుకు పోయాయి? 1890లలో విజయవాడ నుంచి కటక్‌కు రైలు పడింది, సరుకు పట్టాల మీదికి ఎక్కింది. 1933లో విశాఖ రేవు తెరిచారు. కొండ చాటున లోతైన నీళ్లున్న రేవు ఉండగా, ఓడ బయట లంగరేసి పడవల మీద సరుకు దించుకునే బారువకు ఎవరొస్తారు? 1942లో జపాను సైన్యం బర్మాలోకి రావడంతో మనవాళ్లు కాలినడకన అడవులు దాటి తిరిగొచ్చారు. రంగూను దారి మూసుకుపోయింది. ఆ తర్వాత అండమాన్ దారి. అక్కడి తెలుగువాళ్లలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లే.

అంటే ఓడ ఎక్కడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. రేవులు మూతబడినా ఓడ ఎక్కే అలవాటు చావలేదు.

వెల్డింగు రాడ్డు పట్టిన తోటల పిల్లలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస. ఒక్క రాత్రిలో తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఐదారేళ్లు పడుతుంది. ఆ ఐదారేళ్లు ఏం తినాలి? అంతకుముందు నుంచే ఉన్న వలస ఆ తుపానుతో ఉరకలెత్తింది.

ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట, పలాస వీధుల్లో నడిస్తే గోడల మీద రాతలు కనిపిస్తాయి: వెల్డింగు, ఫిట్టరు, ఫ్యాబ్రికేషను, రిగ్గరు, స్కాఫోల్డింగ్. శిక్షణ ఇస్తాం, విదేశాలకు పంపుతాం. పదో తరగతి పూర్తయిన కుర్రాడు ఇక్కడ కొన్ని నెలలు ఆర్కు, టిగ్గు వెల్డింగు నేర్చుకుని పరీక్షకు నిలబడతాడు. పైపును కదలకుండా వాలుగా బిగించి చుట్టూ వెల్డు చేసే 6జీ పరీక్ష పాసైనవాడికి విలువ ఎక్కువ. ఆ చేతులే సింగపూర్, మలేసియా యార్డుల్లో, గల్ఫ్ డాక్‌యార్డుల్లో ఓడ పొట్టకు ఇనుప పలకలు అతుకుతున్నాయి. మరోపక్క ‘షిప్పు ఎక్కినవాళ్లు’. డెక్కు మీదో, ఇంజను రూములోనో, వంటగదిలోనో ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు చేసి దిగేవాళ్లు.

జీతం ఎంత? అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం ప్రకారం, అనుభవమున్న డెక్కు నావికుడి కనీస మూలవేతనం 2026 జనవరి నుంచి నెలకు 690 డాలర్లు. అదనపు గంటల కూలి, సెలవు వేతనం దానికి వేరే. అధికారి స్థాయికి చేరితే దీనికి ఎన్నో రెట్లు. చేపల బోటు మీద వాటా కూలి తెచ్చుకునే ఇంటికి ఇది తరం మార్చే సొమ్ము. ఒక్కడు ఓడ ఎక్కితే చెల్లెలి చదువు, అమ్మ వైద్యం, పెంకుటింటి స్థానంలో స్లాబు. ఆ ఆశ నిజమైనదే. ఆశ నిజం కాబట్టే దాన్ని అమ్ముకునేవాళ్లు పుట్టుకొచ్చారు.

మోసం ఎలా జరుగుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊరికే ‘జాగ్రత్త’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఓడ మీద పనికి సీడీసీ అనే పుస్తకం కావాలి. నావికుడికి అది గుర్తింపు పత్రం, అనుభవం నమోదయ్యే పుస్తకం. మన దేశంలో డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదించిన సంస్థలో శిక్షణ పొందితేనే అది వస్తుంది. దళారీ ఏం చేస్తాడంటే, శిక్షణ లేకుండానే ఏదో చిన్న విదేశపు సీడీసీ తెప్పించి చేతిలో పెడతాడు. పుస్తకం చూసి తల్లిదండ్రులు ఉద్యోగం వచ్చేసిందనుకుంటారు. భూమి తాకట్టు పెట్టి, బంగారం కుదువబెట్టి లక్షలు కడతారు. తర్వాత కుర్రాడిని టూరిస్టు వీసా మీద ఏ గల్ఫ్ రేవుకో పంపుతారు. అక్కడ ఎక్కించేది బీమా లేని పాత ఓడ. జీతం రాదు, దిగుదామంటే పాస్‌పోర్టు కెప్టెన్ దగ్గర.

ఇది నా ఊహ కాదు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్కల ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా 312 ఓడలను యజమానులు వదిలేశారు. 3,133 మంది నావికులు వాటి మీద చిక్కుకుపోయారు. వాళ్లలో అన్ని దేశాల కంటే ఎక్కువమంది భారతీయులే, 899 మంది. మన దేశం గొప్పగా చెప్పుకునే మరో అంకె పక్కన దీన్ని పెట్టి చూడాలి. 2014లో సుమారు 1 లక్షా 17 వేలున్న భారతీయ నావికులు 2023 నాటికి సుమారు 2 లక్షల 80 వేలకు పెరిగారు. పెరుగుదలా నిజమే, అనాథలవడమూ నిజమే. పెరుగుదల అంకెను సభల్లో వింటాం. రెండో అంకెను కూడా ఉద్దానంలో ప్రతి జూనియర్ కాలేజీ గోడ మీద రాయాలంటాను.

చట్టం మన పక్షాన ఉంది. 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందాన్ని భారత్ 2015లో ఆమోదించింది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. వైద్య పరీక్ష, పాస్‌పోర్టు, సీడీసీ ఖర్చు మాత్రమే అతనిది. ఆర్‌పీఎస్‌ఎల్ అనే లైసెన్సున్న ఏజెన్సీకే ఓడల మీదికి మనుషులను పంపే హక్కు. ఆ జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. వెల్డరుగా, ఫిట్టరుగా నేల మీది యార్డుకు వెళ్లేవాళ్లకు ఇంకో చట్టం వర్తిస్తుంది. 1983 నాటి వలసల చట్టం కింద నమోదైన ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. రెండు లక్షలు, మూడు లక్షలు అడుగుతున్నాడంటే అక్కడే తెలిసిపోవాలి.

ఉద్దానానికి ఇంకో అడ్డంకి ఉంది, అది మరే తీరానికీ ఇంతగా లేదు. కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని నేటికీ తేలని ఆ జబ్బు కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఓడ ఎక్కే ప్రతివాడికీ వైద్య పరీక్షలో మూత్రం చూస్తారు. మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు తేలితే ఓడ దారి మూసుకుపోతుంది. అలా తేలక ఓడెక్కినవాడికి మరో గండం. ఇంజను రూములో 40 డిగ్రీలు దాటే వేడి, చెమట, నీళ్లు తక్కువ తాగడం. శిక్షణ సంస్థలో లక్షలు కట్టకముందే, పదో తరగతిలోనే పలాస ఆసుపత్రి ద్వారా ఉద్దానం పిల్లలందరికీ మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఉచితంగా చేయిస్తే జబ్బు తొలి దశలో దొరుకుతుంది, అప్పు పాలవకుండా ఇల్లూ మిగులుతుంది.

ఫిలిప్పీన్స్ ఏం చేసింది

చిన్న చిన్న దీవులు, తుపాన్లు, చేపలవేట, పేదరికం. ఫిలిప్పీన్స్ పరిస్థితి మన తీరానికి దూరమేమీ కాదు. ప్రపంచానికి అందరికంటే ఎక్కువమంది నావికులను ఇచ్చే దేశం అదే. 2024లో ఫిలిప్పీన్స్ నావికులు ఇంటికి పంపిన సొమ్ము దాదాపు 700 కోట్ల డాలర్లు.

అది దానంతట అది జరగలేదు. ప్రతి నావికుడి కాంట్రాక్టుకూ ప్రభుత్వమే ఒక నమూనా పెట్టింది, అంతకంటే తక్కువకు ఎవరూ పంపడానికి వీల్లేదు. మూలవేతనంలో 80 శాతం నేరుగా ఇంటికి జమ కావాలన్న నిబంధన ఉంది. వలస కార్మికుల కోసమే ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఉంది. 2024 సెప్టెంబరులో నావికుల హక్కుల కోసం ప్రత్యేక చట్టం చేశారు. అక్కడా మోసాలున్నాయి, కష్టాలున్నాయి. కానీ మనీలాలో ఓడ ఉద్యోగం ప్రభుత్వం ఎరిగిన వృత్తి. ఇచ్ఛాపురంలో అది ఏజెంటు ఎరిగిన రహస్యం. ఈ తేడా వల్లే ఒకడు నిశ్చింతగా ఓడెక్కుతున్నాడు, ఇంకొకడు అప్పుతో ఎక్కుతున్నాడు.

మన ప్రభుత్వాలు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. మన ఎగుమతి దిగుమతుల్లో అత్యధిక భాగం విదేశీ ఓడల మీదే సాగుతోంది. దానికి ఏటా సుమారు 6 లక్షల కోట్ల రూపాయల అద్దె కడుతున్నామని 2025 సెప్టెంబరులో భావ్‌నగర్ సభలో ప్రధాని చెప్పారు. కొన్ని రోజులకే కేంద్ర మంత్రివర్గం ఓడల నిర్మాణానికి 69,725 కోట్ల ప్యాకేజీని ఆమోదించింది. 1958 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం వచ్చింది. ఓడల నిర్మాణంలో మన వాటా ప్రపంచంలో ఒక శాతం కూడా లేదు. విశాఖలో సింధియా యార్డుకు 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు, 1948లో అక్కడ ‘జల ఉష’ను నెహ్రూ నీళ్లలోకి వదిలారు. అంత ముందుగా మొదలుపెట్టిన మనం, తర్వాత మొదలుపెట్టిన కొరియాకు వెల్డర్లను పంపే ఆలోచనలో ఉన్నామంటే తప్పు పనివాళ్లది కాదు. డబ్బు, ఆర్డర్లు, ఓపిక లేని విధానాలది. ఇప్పుడు ఆ మూడూ వస్తాయంటున్నారు. వస్తే తిరిగొచ్చిన ఉద్దానం వెల్డరుకు విశాఖలోనే పని దొరకాలి.

మూలపేట గేటు ముందు

టెక్కలి దగ్గర నౌపడ ఉప్పు మడులు దాటి సముద్రం వైపు వెళితే సంతబొమ్మాళి మండలం మూలపేట. చాలా ఏళ్లు ‘భావనపాడు పోర్టు’ అని కాగితాల మీదే నలిగిన ప్రాజెక్టు ఇది. 2023 ఏప్రిల్ 19న ఇక్కడ శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం సుమారు 4,362 కోట్లు, తొలి దశలో నాలుగు బెర్తులు, ఏడాదికి 2 కోట్ల 35 లక్షల టన్నుల సామర్థ్యం. ఒడిశా దక్షిణ ప్రాంతం, ఛత్తీస్‌గఢ్ సరుకు మీద ఆశ. పోర్టు కోసం మూలపేట, విష్ణుచక్రం ఊళ్లవాళ్లు ఇళ్లు వదులుకోవాల్సి వచ్చింది.

ఈ పోర్టు రావాలనే నేను కోరుకుంటాను. బారువ, కళింగపట్నం మూతబడ్డాక ఈ జిల్లాకు సముద్రం మీద దక్కుతున్న మొదటి పెద్ద అవకాశం ఇది. కానీ ఈ నేలకు జ్ఞాపకాలున్నాయి. 2010 జులైలో సోంపేట బీల భూముల్లో, 2011 ఫిబ్రవరిలో ఇదే సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలను వ్యతిరేకించినవాళ్ల మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అభివృద్ధి అన్న మాట వినగానే ఇక్కడి పెద్దలు ముందు పోలీసు జీపును తలచుకుంటారు. ఆ భయం పోవాలంటే ఇచ్చిన మాట నిలబెట్టుకోవడమొక్కటే మార్గం.

విశాఖ దగ్గరి గంగవరం ఏం చెబుతోందో చూడండి. 2009లో ప్రారంభమైన ఆ పోర్టు వల్ల మత్స్యకారులు తమ రేవు పోగొట్టుకున్నారు. పోర్టులో పనికి చేరిన నిర్వాసిత కుటుంబాల కార్మికులు 2023 ఆగస్టులో జీతాల కోసం రోడ్డెక్కారు. పోర్టు వచ్చింది, పెరిగింది, చేతులు మారింది. ఊరివాడు మాత్రం గేటు దగ్గర కాపలాదారుగానో, ఊడ్చేవాడిగానో ఉండిపోయాడు. కారణం సూటిగా చెప్పుకోవచ్చు. ఆధునిక రేవులో బస్తాలు మోసే పని లేదు. క్రేను నడిపేవాళ్లు, టగ్గు నడిపేవాళ్లు, ఓడను బెర్తుకు కట్టే ముఠా, పైలట్ లాంచి సిబ్బంది, ఎలక్ట్రీషియన్లు, కస్టమ్స్ కాగితాలు చూసేవాళ్లు, డ్రెడ్జర్ మనుషులు కావాలి. వీళ్లను పోర్టు తెరిచాక వెతికితే బయటివాళ్లే దొరుకుతారు. తెరవకముందే తయారుచేసుకుంటే ఊరివాళ్లు దొరుకుతారు.

టగ్గు, లాంచి, తాళ్లు కట్టే పడవ: ఇవి మత్స్యకారుడికి చెయ్యి తిరిగిన పనులు. అలల మధ్య పడవను నిలకడగా ఉంచడం ఏ తరగతి గదిలోనూ రాదు. అతనికి లేనిది సర్టిఫికెట్, భద్రతా శిక్షణ, రేడియోలో మాట్లాడేపాటి ఇంగ్లీషు. వేటలో గడిపిన ఏళ్లను లెక్కలోకి తీసుకుని, మిగిలినది నేర్పే చిన్న కోర్సు పెడితే మూలపేట హార్బరు పడవల సిబ్బందిని జిల్లా తీరం నుంచే తీసుకోవచ్చు. రాష్ట్ర మారిటైమ్ బోర్డు పోర్టు ఒప్పందంలోనే ఈ షరతు రాయాలి. హామీగా చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఎన్ని పోస్టులు, ఏ గ్రామాలకు అన్నది అంకెలతో ఉండాలి.

ఇంకొకటి కూడా పట్టించుకోవాలి. తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవు కోసం సముద్రంలోకి రాళ్ల కట్ట వేస్తే దానికి దక్షిణాన ఇసుక మేటవేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖలో బీచ్ కోతకూ, ఏటా డ్రెడ్జర్‌తో ఇసుక పోయడానికీ ఇదే కారణం. మూలపేటకు ఉత్తరాన ఉన్నవి మత్స్యకార గ్రామాలు, జీడితోటలు. ఆ ఒడ్డును ఏటా కొలిచి, ఆ కొలతలు గ్రామసభలో చదివి వినిపించాలి. కోత కనబడితే ఇసుక పోసే ఖర్చు పోర్టుదే కావాలి.

దారి ఇది

డొంకూరులో, కవిటిలో, వజ్రపుకొత్తూరులో పదో తరగతి చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకు ఈ వివరాలు.

పదో తరగతి పాసై, మొత్తం మీదా ఇంగ్లీషులోనూ కనీసం 40 శాతం మార్కులుంటే, పదిహేడున్నర ఏళ్లు నిండితే, జీపీ రేటింగ్ అనే ఆరు నెలల కోర్సుకు అర్హత ఉంటుంది. కంటిచూపు బాగుండాలి, రంగులు గుర్తుపట్టగలగాలి. ఆ కోర్సు, భద్రతా శిక్షణలు పూర్తయితే సీడీసీ వస్తుంది. ఓడ మీద ట్రైనీగా మొదలై నావికుడు, ఆ తర్వాత డెక్కు నావికులకు పెద్ద అయిన బోసన్. మూడేళ్ల సముద్ర అనుభవం ఉన్నవాడు చదువుకుని పరీక్షలు రాసి అధికారి కూడా కావచ్చు. ఇంటర్‌లో ఎంపీసీ చదివి మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఉంది. విశాఖలోనే దాని క్యాంపస్ ఉంది. అక్కడే ఓడల నిర్మాణంలో నైపుణ్యాలు నేర్పే సెమ్స్ కేంద్రం ఉంది. చేపల ఓడలు నడపడం, వాటి ఇంజన్లు చూసుకోవడం నేర్పే సిఫ్‌నెట్ కేంద్ర సంస్థకూ విశాఖలో శాఖ ఉంది. పదో తరగతి పాసైనవాళ్లకు రెండేళ్ల కోర్సులు. మత్స్యకార కుటుంబాల పిల్లలకు ఇది సహజమైన మెట్టు, కానీ మన తీర గ్రామాల్లో ఈ పేరు విన్నవాళ్లు తక్కువ.

ఓడలు కూడా మారుతున్నాయి. డీజిల్, ఫర్నేస్ ఆయిల్ తగ్గించి ద్రవ సహజవాయువు, మిథనాల్, అమ్మోనియాతో నడిచే ఇంజన్లు వస్తున్నాయి. వాటికి ప్రత్యేక శిక్షణ కావాలి. ఆ శిక్షణ పొందినవాళ్లు ప్రపంచమంతటా ఇప్పుడే తక్కువ. ఇవాళ పదో తరగతిలో ఉన్న అమ్మాయైనా అబ్బాయైనా ఓడెక్కేసరికి ఆ ఇంజన్లే ఉంటాయి.

ప్రభుత్వాన్ని అన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటి. ఇచ్ఛాపురానికీ టెక్కలికీ మధ్య డీజీ షిప్పింగ్ ఆమోదమున్న ప్రభుత్వ శిక్షణ సంస్థ ఒకటి కావాలి. ఫీజు లక్షల్లో ఉన్నంతకాలం మత్స్యకారుడి కొడుకు దళారీ గుమ్మమే తొక్కుతాడు. మూలపేట పోర్టు మీద పెడుతున్న వేల కోట్లలో ఒక చిన్న భాగం ఈ సంస్థకు చాలు. దాన్ని పోర్టు కంటే ముందే తెరవాలి.

అది వచ్చేదాకా ఒక మాట. ఓడ ఉద్యోగం ఇప్పిస్తానంటూ మీ ఇంటికి ఎవరైనా వస్తే, టీ ఇవ్వండి, మాట వినండి. రూపాయి ఇవ్వకముందు అతని ఏజెన్సీ ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు అడగండి. డీజీ షిప్పింగ్ జాబితాలో ఆ నంబరు, ఆ పేరు ఉన్నాయేమో ఊళ్లో చదువుకున్న పిల్లల చేత చూపించండి. యార్డు ఉద్యోగమైతే నమోదైన ఏజెంట్ల పేర్లుండే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితా చూడండి. టూరిస్టు వీసా మీద పంపుతానంటే అక్కడే ఆపండి. కాంట్రాక్టులో ఓడ పేరు, దాని ఐఎంవో గుర్తింపు నంబరు, జీతం, ఇంటికి తిరిగొచ్చే ఖర్చు ఎవరిదో రాసి ఉండాలి, సంతకం పెట్టిన ఒక ప్రతి ఇంట్లో అమ్మ దగ్గర ఉండాలి. ఇవేవీ చూపించలేనివాడికి డబ్బు కట్టకండి, పాస్‌పోర్టు ఇవ్వకండి.